మూత పడకముందే సరిచూడాలి

ఇంజనీరింగు శాఖల్లో పనిచేసిన మిత్రులకు ఎం. బుక్ గురించి నేను చెప్పనక్కరలేదు. పునాది గొయ్యి ఎంత లోతు తీశారు, అడుగున కాంక్రీటు ఎంత మందం వేశారు అన్నది మట్టి కప్పకముందే కొలిచి పుస్తకంలో ఎక్కించాలి. పై అధికారి వచ్చి చెక్ మెజర్‌మెంటు చేసి సంతకం పెట్టాలి. గోడ లేచాక పునాదిని ఎవరూ చూడలేరు. అప్పుడిక మిగిలేది కాగితం మీది లెక్క ఒక్కటే. ఆ లెక్క నిజమైతే ఇల్లు నిలుస్తుంది, కాకపోతే కొన్నేళ్లకు గోడ బీటలు తీస్తుంది.

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు ఈ ఎం. బుక్ సంగతే తోచింది. రాజుల చరిత్ర, ఉద్యమాల చరిత్ర రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. పదవీ విరమణ తరువాత సైన్సు పుస్తకాలు చదవడం నాకు అలవాటయింది. చదివినదాంట్లో నన్ను బాగా ఆకట్టుకున్నది శాస్త్రవేత్తల గొప్ప ఊహల కన్నా వారి తనిఖీ పద్ధతి. కంటికి కనబడని కణాలను పట్టుకునే పరికరాలను బిగించకముందు వాటి భాగాలను ఎలా పరీక్షించారు, పరీక్షలో లోపం మిగిలిపోతే ఏం జరిగింది అన్నదే ఈ వ్యాసం. నేను శాస్త్రవేత్తను కాను. రిజిస్టర్ల మధ్య ఉద్యోగం వెళ్లబుచ్చిన గుమాస్తాను. అందువల్ల గుమాస్తా కంటితో చూసినట్లే చెబుతాను.

కణ శోధకం అంటే

పరమాణువు కంటే చిన్నవైన కణాలను మనం చూడలేము. అవి ఏదైనా పదార్థంలోంచి దూసుకుపోయినప్పుడు చిన్న మెరుపో, కొద్దిపాటి విద్యుత్తో పుడుతుంది. ఆ జాడను పట్టి, కొలిచి, రాసిపెట్టే పరికరమే కణ శోధకం. ఇంగ్లీషులో డిటెక్టరు అంటారు. నేటి డిటెక్టర్లలో వేల, లక్షల భాగాలుంటాయి. అన్నీ బిగించి మూసివేసిన తరువాత లోపలి భాగం ఒకటి పాడైతే దాన్ని తీసి మార్చడం సాధ్యం కాకపోవచ్చు. కాబట్టి పరీక్ష అంతా బిగించకముందే జరగాలి.

మనిషి కన్నే పరికరమైన రోజులు

మొదట్లో డిటెక్టరులో ముఖ్యమైన భాగం మనిషి కన్నే. 1909లో మాంచెస్టరులో రూథర్‌ఫర్డు దగ్గర గైగర్, మార్స్‌డెన్ అనే ఇద్దరు పనిచేశారు. జింక్ సల్ఫైడు పూసిన తెర మీద ఆల్ఫా కణం తగిలితే చిన్న మెరుపు వస్తుంది. చీకటి గదిలో చాలాసేపు కూర్చుని, కన్ను చీకటికి అలవాటు పడ్డాక, సూక్ష్మదర్శినిలోంచి ఆ మెరుపులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. కన్ను అలసిపోతుంది గనుక కాసేపు లెక్కించి కాసేపు విశ్రాంతి తీసుకునేవారు.

మరి ఆ కన్ను ఎంతవరకు నమ్మదగినది? దీనికి 1924లో గైగర్, వెర్నర్ కలిసి చక్కని ఉపాయం చేశారు. ఒకే తెరను ఇద్దరు ఒకేసారి చూస్తారు. మెరుపు కనబడినప్పుడల్లా ఎవరి మీట వారు నొక్కుతారు. ఉదాహరణకు మొదటివారు 80, రెండవవారు 75 చూశారనుకోండి. వాటిలో ఇద్దరికీ కనబడినవి 60 అనుకోండి. రెండవవారు చూసిన 75లో మొదటివారికి కనబడినవి 60 అంటే, మొదటివారి కన్ను నూటికి 80 పట్టుకుంటోందన్నమాట. ఆ ప్రకారం అసలు మెరుపులు 100. ఒక ప్రతిని ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా సరిచూసి, ఇద్దరికీ దొరికిన తప్పులను బట్టి ఇంకెన్ని తప్పులు మిగిలాయో అంచనా కట్టడం వంటిదే ఇది.

అయితే కన్ను సరిగా ఉంటే చాలదని తరువాత తేలింది. 1920ల్లో కేంబ్రిడ్జికీ వియన్నాకూ మధ్య పెద్ద వివాదం నడిచింది. ఆల్ఫా కణాలతో కొడితే ఏయే మూలకాల కేంద్రకాలు పగులుతాయన్నది ప్రశ్న. వియన్నా రేడియం సంస్థలో పెటర్సన్, కిర్ష్ అనేవారికి కేంబ్రిడ్జిలో కనబడని పగుళ్లు ఎన్నో కనబడ్డాయి. పత్రికల్లో ఏళ్ల తరబడి వాదం సాగింది. చివరకు 1927 డిసెంబరులో కేంబ్రిడ్జి నుంచి జేమ్స్ చాడ్విక్ స్వయంగా వియన్నా వెళ్లాడు. అక్కడ మెరుపులు లెక్కపెట్టే పని యువతులది. తాను ఏ అమరిక పెట్టినదీ, ఎంత సంఖ్య రావచ్చుననేదీ చాడ్విక్ వారికి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు లెక్కపెట్టమన్నాడు. వారు ఇచ్చిన అంకెలు కేంబ్రిడ్జి అంకెలతో సరిపోయాయి.

ఆ అమ్మాయిలు అంతకుముందు అబద్ధం రాయలేదు. ఏ సంఖ్య రావాలో ముందే తెలిసి ఉండటం వల్ల కన్ను ఆ సంఖ్య వైపే మొగ్గింది. ఈ సంగతిని అప్పట్లో బయటికి చాటలేదు, లోలోపలే సర్దుకున్నారు. కానీ పరీక్షించేవాడికి కావలసిన జవాబు ముందే చెప్పకూడదన్న పాఠం మాత్రం మిగిలింది. ఆడిటుకు వచ్చినవారికి మనం ముందుగా మొత్తం చెప్పి "ఇంత రావాలండీ" అంటే కూడిక అంతే వస్తుంది కదా!

కోలారు గని అడుగున

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. చిత్తూరు జిల్లా సరిహద్దుకు ఆవల, కర్ణాటకలోని కోలారు బంగారు గనుల పేరు వినని తెలుగువారు ఉండరు. 1965లో అక్కడ భూమికి సుమారు 2,300 మీటర్ల అడుగున బొంబాయి టాటా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్‌హామ్ విశ్వవిద్యాలయాలకు చెందిన శాస్త్రవేత్తలు కలిసి, కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్ వంటి పెద్దలు ఆ కృషిలో ఉన్నారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికాలోని బంగారు గనిలో కూడా ఇటువంటి ఫలితమే వచ్చింది. పైనుంచి కురిసే ఇతర కణాల గోల తగ్గాలంటే అంత లోతుకు దిగక తప్పదు.

1980లో అదే గనిలో మరో పని మొదలయింది. ప్రోటాను ఎప్పటికైనా తనంతట తాను విచ్ఛిన్నమవుతుందా అని చూడటం. దీనికి 140 టన్నుల డిటెక్టరు కట్టారు. నలుచదరపు ఇనుప గొట్టాలు సుమారు 1,600, వాటి వరుసల మధ్య ఇనుప పలకలు. ప్రతి గొట్టంలో నడిమధ్య సన్నని తీగ, చుట్టూ వాయువు, తీగకు అధిక వోల్టేజి. కణం దూరితే తీగలో చిన్న విద్యుత్ స్పందన వస్తుంది.

ఇటువంటి గొట్టాన్ని బిగించకముందు చూడవలసినవి మూడు. వాయువు కారుతోందా? కారితే స్పందన రోజురోజుకూ మారిపోతుంది. తీగ సరిగా నడుమ ఉందా, బిగువుగా ఉందా? లేకపోతే ఒక చివర ఒక లెక్క, ఇంకో చివర ఇంకో లెక్క వస్తుంది. వోల్టేజి పెట్టి ఊరక ఉంచితే గొట్టం నిశ్శబ్దంగా ఉంటుందా? లోపల ధూళి గాని, పదునైన గరుకు గాని ఉంటే కణం రాకుండానే మోగుతుంది. ఈ మూడో దోషమే అన్నిటికన్నా ప్రమాదం. ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంటే ఒకటో రెండో సంఘటనలు వచ్చే ప్రయోగంలో, మూగ గొట్టం కన్నా అబద్ధం పలికే గొట్టం ఎక్కువ నష్టం చేస్తుంది.

కోలారులో ప్రోటాను విచ్ఛిన్నం కావచ్చుననిపించిన సంఘటనలు కొన్ని ప్రకటించారు గాని, తరువాత ఇతర దేశాల్లో కట్టిన పెద్ద డిటెక్టర్లు దానిని ధ్రువపరచలేదు. ప్రోటాను విచ్ఛిన్నాన్ని ఈనాటికీ ఎవరూ రూఢిగా చూడలేదు. 2001లో కోలారు గనులే మూతబడ్డాయి.

ఒక్కొక్కటీ వేరు, అన్నీ కలిస్తే వేరు

కోలారు వారి ప్రశ్ననే తీసుకుని జపాన్‌వారు కమియోకా అనే చోట కొండ కింద నీటి తొట్టి కట్టారు. దాని తరువాత 1996లో ఇంకా పెద్దదైన సూపర్ కమియోకాండే పనిచేయసాగింది. 50,000 టన్నుల శుద్ధమైన నీరు, చుట్టూ లోపలి గోడల నిండా 11,146 గాజు గొట్టాలు. ఒక్కొక్కటి అరమీటరు అడ్డుకొలతగల పెద్ద బుడ్డి. లోపల గాలి ఉండదు. నీటిలో న్యూట్రినో పుట్టించే అతి మసక వెలుగును పట్టుకోవడం వాటి పని. న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని 1998లో ఈ డిటెక్టరే తేల్చింది. అందుకు తకాకి కజితకు 2015లో నోబెల్ బహుమానం పంచారు.

2001లో పాడైన గొట్టాలు మార్చడానికి తొట్టిలోని నీరు తీశారు. పని పూర్తిచేసి మళ్లీ నీరు నింపుతుండగా నవంబరు 12న అడుగున ఒక గొట్టం పగిలింది. లోపల శూన్యం గనుక నీరు ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయింది. ఆ తాకిడికి నీటిలో పుట్టిన దెబ్బ పక్క గొట్టాన్ని పగలగొట్టింది. దాని దెబ్బకు దాని పక్కది పగిలింది. కొద్ది సెకండ్లలో ఆరున్నర వేలకు పైగా గొట్టాలు ముక్కలైపోయాయి.

ఇక్కడ మనం నేర్వవలసింది ఒకటుంది. గొట్టం ఒక్కటే ఎంత ఒత్తిడికి ఆగుతుంది అన్నది ఒక ప్రశ్న. ఒక గొట్టం పగిలితే పక్కనున్నవి ఆగుతాయా అన్నది వేరే ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకు జవాబు తొట్టి నిండా గొట్టాలు బిగించాకే, అదీ ప్రమాదం ద్వారానే తెలిసింది. ఆ సంస్థను నడుపుతున్న యోజి తొత్సుకా మర్నాడే, దీన్ని తిరిగి కట్టి తీరుతామని ప్రకటించారు. ప్రతి గొట్టానికీ ముందువైపు ఆక్రిలిక్ కప్పు, వెనుకవైపు ఫైబరు గ్లాసు తొడుగు తయారుచేశారు. నీటిలో కావాలని ఒక గొట్టాన్ని పగలగొట్టి పక్కవి నిలుస్తాయని చూసుకున్న తరువాతే వాడుకలోకి తెచ్చారు. మిగిలిన గొట్టాలను సగం సాంద్రతతో అమర్చి 2002లోనే పని మొదలుపెట్టారు. 2006 నాటికి పూర్తి సంఖ్య సమకూర్చారు. తొత్సుకా 2008లో కన్నుమూశారు. తాను మళ్లీ నిలబెట్టిన డిటెక్టరుకు వచ్చిన నోబెల్‌ను ఆయన చూడలేకపోయారు.

డెబ్బై ఐదు వేల సర్వీసు రిజిస్టర్లు

ఇక అన్ని పాఠాలూ ఒకచోట కనిపించే ఉదాహరణకు వస్తాను. స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులో సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో భూమి కింద 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగం ఉంది. అందులో ప్రోటాన్లను ఎదురెదురుగా ఢీకొట్టిస్తారు. ఆ ఢీలను గమనించే డిటెక్టర్లలో సి.ఎం.ఎస్. ఒకటి. దాని లోపలి పొరల్లో ఒకటి, కాంతి కణాల శక్తిని కొలవడం కోసం, సీసం టంగ్‌స్టేటు స్ఫటికాలతో కట్టారు. చూడటానికి గాజులా తేటగా ఉంటాయి గాని ఇనుము కన్నా బరువైన పదార్థం. మొత్తం 75,848 స్ఫటికాలు. రష్యాలోని బొగొరొదిత్స్క్ లోనూ, చైనాలోని షాంఘైలోనూ వీటిని పెంచారు. ఒక్కో స్ఫటికం పెరగడానికి సుమారు రెండు రోజులు. అన్నీ తయారవడానికి పది సంవత్సరాల దాకా పట్టింది.

వచ్చిన సరుకును సెర్న్‌లోనూ, రోము దగ్గర మరో కేంద్రంలోనూ పరీక్షించారు. ప్రతి స్ఫటికానికీ బార్‌కోడు అంటించారు. స్వయంచాలక యంత్రం మీద పెట్టి పొడవు, వెడల్పు, కాంతి ఎంత తేటగా దూరుతోంది, కణం తగిలితే ఎంత వెలుగు ఇస్తోంది అని కొలిచారు. కొలతలో అనుమతించిన తేడా మిల్లీమీటరులో పదో వంతు, అదీ తక్కువకే గాని ఎక్కువకు కాదు. ఎందుకంటే స్ఫటికాలు దూరవలసిన అరల గోడలే అంత పలచన. ఒక్క స్ఫటికం లావైతే అరలో ఇమడదు. స్ఫటికం ఇచ్చే వెలుగు ఒక డిగ్రీ వేడి పెరిగితే నూటికి రెండు పాళ్లు తగ్గుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రత కూడా లెక్కలోకి రావాలి.

ఈ వివరాలన్నీ బార్‌కోడు నంబరు కింద కంప్యూటరులో ఎక్కించారు. ఏ స్ఫటికం ఎక్కడ పుట్టింది, ఏ పరీక్షలో ఎంత మార్కు తెచ్చుకుంది, చివరకు ఏ అరలో చేరింది అన్నది ఎప్పుడైనా తీసి చూడవచ్చు. మన భాషలో చెప్పాలంటే 75,848 సర్వీసు రిజిస్టర్లు! ఇది చదివినప్పుడు నాకు ముచ్చట వేసింది, కొంత బాధ కూడా కలిగింది. నేను ఎరిగిన ఒక కార్యాలయంలో సరుకు లారీలోంచి దిగకముందే బిల్లు వెనుక "సరిచూచి తీసుకొనబడినది" అని ముద్ర పడేది. ముద్ర ఉంది, సంతకం ఉంది, చూసినవాడే లేడు. అటువంటి ముద్ర వేసిన స్ఫటికం ఒక్కటి లోపలికి వెళ్లినా ఆ అరలో నుంచి వచ్చే ప్రతి అంకె అనుమానాస్పదమే.

స్ఫటికం ఇచ్చే వెలుగు చాలా తక్కువ. దాన్ని విద్యుత్తుగా మార్చి పెంచడానికి స్ఫటికం వెనుక ఐదు మిల్లీమీటర్ల చదరపు సిలికాన్ బిళ్లలు రెండేసి అంటించారు. మధ్యభాగంలోని 61,200 స్ఫటికాలకు 1,22,400 బిళ్లలు. ఇవి జపాన్‌లో తయారయ్యాయి. అంటించి మూసిన తరువాత వీటిని మార్చడం కుదరదు. సామాన్యంగా వందకో ఐదో పదో నమూనాలు తీసి పరీక్షిస్తారు. ఇక్కడ అలా కుదరదని ప్రతి బిళ్లనూ పరీక్షించారు. స్విట్జర్లాండులోని ఒక సంస్థలో కోబాల్టు కిరణాల ముందు పెట్టి, మనిషి ప్రాణం తీసే మోతాదుకు సుమారు వెయ్యి రెట్ల రేడియేషన్ తగిలించారు. ఆ తరువాత 80 డిగ్రీల వేడిలో నాలుగు వారాలు ఉంచారు. ముందుముందు చెడిపోయే గుణం ఏమైనా ఉంటే అది బల్ల మీదే బయటపడాలన్నది ఉద్దేశం. ఉద్యోగంలో చేర్చుకోకముందే ఇరవై యేళ్ల సర్వీసు కష్టం నెలలో పెట్టి చూసినట్లయింది. నిలిచినవే లోపలికి వెళ్లాయి.

రెండు చివరల ఉన్న స్ఫటికాలకు బిళ్లల బదులు వేరే రకం శూన్య గొట్టాలు వాడారు. డిటెక్టరు లోపల బలమైన అయస్కాంత క్షేత్రం ఉంటుంది గనుక, ఇంగ్లండులో ప్రతి గొట్టాన్నీ అయస్కాంతంలో పెట్టి పనితీరు చూశారు.

కమియోకా నేర్పిన ప్రశ్నకు కూడా ఇక్కడ జవాబు వెదికారు. విడిగా నెగ్గిన భాగాలు కలిసి ఎలా ఉంటాయి? 1,700 స్ఫటికాలను కలిపి ఒక పెద్ద ఖండంగా చేశారు. అటువంటివి 36. సొరంగంలోకి దించకముందు ప్రతి ఖండాన్నీ వారం రోజులో అంతకు మించో ఊరక పరిచి ఉంచి, ఆకాశం నుంచి ఉచితంగా కురిసే కాస్మిక్ కిరణాలతోనే పరీక్షించారు. కోలారులో ఏ కిరణాలను తప్పించుకోవడానికి గని అడుగుకు దిగారో, వాటినే ఇక్కడ తనిఖీ అధికారులుగా పెట్టుకున్నారన్నమాట. కొన్ని ఖండాలను ఎలక్ట్రాన్ల ధార ముందు పెట్టి కూడా సరిచూశారు.

ఈ డిటెక్టరులో మన దేశం వాటా కూడా ఉంది. స్ఫటికాల ముందు అమర్చే సిలికాన్ పలకల్లో కొన్నిటిని భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించగా బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసింది. బయటి పొరలోని మెరుపు పలకలను బొంబాయి టాటా సంస్థవారు సిద్ధం చేశారు.

ఫలితం

2012 జులై 4న సెర్న్‌వారు హిగ్స్ వంటి కణం దొరికిందని ప్రకటించారు. పత్రికల్లో దానిని దైవకణం అని రాయడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కణం పుట్టిన మరుక్షణమే విచ్ఛిన్నమవుతుంది. వెయ్యిసార్లలో సుమారు రెండుసార్లు మాత్రమే రెండు కాంతి కణాలుగా మారుతుంది. ఆ రెండింటి శక్తిని కచ్చితంగా కొలిస్తేనే మిగిలిన గోలలోంచి చిన్న గుట్టలా అది పైకి కనబడుతుంది. కొలిచినవి ఈ స్ఫటికాలే. అంతకు పదేళ్ల ముందు ఎవరో బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కదాన్నీ సరిచూసి ఉండకపోతే ఆ గుట్ట కనబడేది కాదు. వారి పేర్లు మనకు తెలియవు. బహుమానం అందుకున్న పెద్దల పేర్లు తెలుసు. ఆఫీసుల్లో కూడా అంతే కదా.

మన పింఛనుదారులకు నచ్చే మాట ఇంకొకటి. మధ్యభాగంలోని స్ఫటికాలు బాగానే ఉన్నందున తరువాతి దశకు కూడా వాటినే కొనసాగించాలని నిర్ణయించారు. రేడియేషన్ దెబ్బ ఎక్కువ తగిలే రెండు చివరలవాటి స్థానంలో కొత్త పరికరం పెట్టాలని తీర్మానించారు. అంటే కొందరికి ఎక్స్‌టెన్షన్, కొందరికి రిటైర్‌మెంటు.

ఈ చరిత్రలో నాకు కనిపించిన సారం మూడు ముక్కలు. పరీక్షించేవాడికి జవాబు ముందే చెప్పకూడదు. తీసి మార్చలేని భాగాన్ని నమూనాతో సరిపెట్టకుండా ప్రతిదాన్నీ చూడాలి. విడిగా చూసినవాటిని కలిపి మళ్లీ చూడాలి. మన పిల్లలు ఇళ్లు కట్టుకుంటున్నారు, అపార్టుమెంట్లు కొనుక్కుంటున్నారు. గోడల్లో వేసిన పైపుల్లో సిమెంటు పూయకముందే నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి చూడమని చెప్పండి. కరెంటు తీగలు ఎటు పోయాయో కాగితం మీద గీసి, తేదీ వేసి దాచుకోమనండి. మేస్త్రీ "అంతా బాగానే ఉంది సార్" అంటాడు. అయినా పూత పడకముందు స్వయంగా వెళ్లి ఒకసారి చూడమనండి.